ఆరో తరగతి గడప

ఏప్రిల్ వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ఒకటి ఆఫీసు నుంచి, అప్రైజల్ గురించి. రెండోది ఊరి నుంచి, పిల్లల బడి గురించి. మొదటిదాని మీద రాస్తే ఉద్యోగానికే ఎసరు కాబట్టి రెండోదాని గురించే రాస్తాను :-)

మాది ఆర్మూరు పక్కన ఒక పల్లె. నిజామాబాద్ జిల్లా. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి నాకు అన్నీ తెలుసని మావాళ్ళ నమ్మకం. "తమ్మీ, మా పోరడు ఐదు అయిపోయిండు. ఆరుకు ఏ బడి మంచిది?" ఏటా ఇదే ప్రశ్న. నేనైతే ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పటం మానేశాను. ఏ డేటాబేస్ మంచిదని ఎవరైనా అడిగితే మనం వెంటనే "దేనికి?" అని ఎదురు ప్రశ్న వేస్తాం కదా. రిక్వైర్‌మెంట్ తెలియకుండా ప్రొడక్ట్ పేరు చెప్పేవాడిని పక్కన కూర్చోబెట్టుకోం. మరి పిల్లల బడి దగ్గరికొచ్చేసరికి ఆ "దేనికి?" అనే మాట ఎందుకు మర్చిపోతాం? పిల్లవాడికి ఏం వచ్చు, ఏం రాదు అన్నది ఎవరూ చెప్పరు. నేనడిగితే "మంచిగనే సదువుతడు" అంటారు. అంతే.

ఈ విషయం మీద కొంచెం పాత సంగతులు తవ్వితే నాకు ఒకటి అర్థమయింది. మా వైపు ఆరో తరగతి ఎప్పుడూ మామూలు తరగతి కాదు. తరాలు మారినా, ప్రభుత్వాలు మారినా, అక్కడో అక్కడికి దగ్గర్లోనో ఒక ఎత్తైన మెట్టు ఉంటూనే వచ్చింది. ఆ మెట్టు భాష. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, ఆరో తరగతి పుస్తకంలో ఉండే భాష ఇంకొకటి. బడులు ఎన్ని రకాలుగా వచ్చినా, తేడా అంతా ఆ మెట్టును పిల్లవాడి చేత ఎలా ఎక్కించాయన్న దగ్గరే ఉంది. ఈ టపాలో చెప్పదల్చుకున్నది ఇదే.

ముందు మా ఊళ్ళ సంగతి కాస్త తెలియాలి.

పసుపు, ఫీజు

ఆర్మూరు అంటే హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ పోయే హైవే మీద రాళ్ళగుట్టల ఊరు అని చాలామందికి గుర్తు. ఆ గుట్ట మీదే నవనాథ సిద్ధేశ్వరాలయం. 44వ నంబరు జాతీయ రహదారి, 63వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. చుట్టూ పసుపు, మక్క, ఎర్రజొన్న. పక్కనున్న అంకాపూర్ విత్తనాల వ్యాపారానికీ, నాటుకోడి కూరకూ పేరు మోసింది. కాస్త పైకి పోతే పోచంపాడు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. నీళ్ళొచ్చాక ఇక్కడి వ్యవసాయం తీరే మారింది.

పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. వానాకాలం మొదట్లో పెడితే సంక్రాంతి తర్వాత తవ్వకం మొదలు. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి. నిజామాబాద్ యార్డుకు సరుకు జోరుగా పోయేది ఫిబ్రవరి నుంచి మే దాకా. బడుల అడ్మిషన్ల సీజన్ కూడా సరిగ్గా అదే! పసుపుకు రేటొచ్చిన ఏడు పిల్లలు పెద్ద బడిలో చేరతారు. రేటు పడిపోయిన ఏడు బస్సు ఫీజు దగ్గరే బేరం మొదలవుతుంది. 2019లో ఈ ప్రాంతం రైతులు పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని రోడ్డెక్కారు. ఆ లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 185 మంది పోటీలో నిలిస్తే, వాళ్ళలో 170 మందికి పైగా రైతులే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. రేటు సంగతి ఇంకా ప్రతి ఏటా గుండెల్లో దడే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా దగ్గర బడిని ఎంచుకోవటంలో మొదటి మాట ఎప్పుడూ డబ్బుదే. డబ్బుంటే పెద్ద బడి, లేకపోతే సర్కారు బడి. పిల్లవాడి అవసరం అన్నది ఈ లెక్కలో ఏ కాలమ్‌లోనూ కనిపించదు. తమాషా ఏమిటంటే, ఇదే రైతు యార్డుకు పోయేటప్పుడు కొమ్ము వేరు, గోళ వేరు చేసి పోస్తాడు. రెండూ కలిపితే రేటు రాదని వాడికి తెలుసు.

వస్తానియా రోజులు

నిజాం రాజ్యంలో బడులకు మూడు మెట్లు ఉండేవి. తహతానియా అంటే ప్రాథమిక బడి. వస్తానియా అంటే మిడిల్ స్కూల్. ఫౌఖానియా అంటే హైస్కూల్. మా తాతల తరం వాళ్ళను అడిగితే "వస్తానియా దాకా సదివిన" అని ఎంతో గొప్పగా చెప్పేవాళ్ళు. ఆ గొప్పకు కారణం ఉంది.

1880ల్లో హైదరాబాద్ సంస్థానంలో ఫార్సీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఒక దేశభాషలో ఆధునిక శాస్త్రాలు బోధించిన విశ్వవిద్యాలయంగా అది నిజంగా పెద్ద ప్రయోగం. అందులో అనుమానం లేదు. పాఠ్యపుస్తకాల కోసం తర్జుమా శాఖే పెట్టారు. కానీ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. కింది తరగతుల్లో ఎంతో కొంత తెలుగు వినిపించినా, పైకి పోయేకొద్దీ అంతా ఉర్దూయే. కచేరీలో కొలువు కావాలంటే ఉర్దూ, కొలువు కోసమే చదువు. ఉర్దూ ఇంట్లో వినపడే పిల్లలకు మెట్టు లేదు. నాగలి పట్టే ఇంటి పిల్లవాడికి అది గోడ.

మా తాత నాలుగుతో ఆగిపోయాడు. ఎందుకు తాతా అని అడిగితే "లెక్క నోటికొస్తది రా, కితాబు నోటికి రాదు" అనేవాడు. లెక్క రాని మనిషి కాదు. పసుపు అడ్తి దగ్గర కాగితం లేకుండా కమీషన్, హమాలీ అంతా తీసేసి చేతికెంతొస్తుందో చెప్పేవాడు. ఆయన్ని ఆపింది లెక్క కాదు, లెక్క రాసి ఉన్న భాష. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఈ బాధ ఒక్క మా తాతది కాదు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభలు ఒక్కో ఏడు ఒక్కో చోట జరిగేవి. 1937లో ఆరో మహాసభ మా నిజామాబాద్‌లోనే, మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. మాతృభాషలో చదువు చెప్పాలన్నది ఆ సభలు పట్టుబట్టిన కోరికల్లో ముఖ్యమైనది. అప్పట్లో ప్రైవేటుగా బడి పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. అంటే తల్లిదండ్రులకు "ఏ బడి?" అనే ప్రశ్నే లేదు. ఉన్నది ఒకటే బడి, ఎక్కితే ఎక్కావు, లేకపోతే ఇంటికి.

మెట్టు జరిగింది, పోలేదు

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య అయింది. ఆ తర్వాత క్రమంగా బడులు తెలుగులోకి వచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో జిల్లా పరిషత్తులు. ఇప్పటికీ మనం జెడ్పీ హైస్కూల్ అనే ఆ బడులకు పేరు అక్కడి నుంచే. ఊళ్ళో ఐదు దాకా, పెద్ద ఊరయితే ఏడు దాకా, ఆ తర్వాత సైకిలేసుకుని హైస్కూల్‌కి. ఏడో తరగతిలో కామన్ పరీక్ష ఒక జల్లెడ.

ఆ తరానికి ఆరో తరగతి దగ్గర భాష మెట్టు చాలా తగ్గిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు. చాలామంది ఏబీసీడీలు దిద్దిందే ఐదులోనో ఆరులోనో. మరి మెట్టు ఎక్కడికి పోయింది? ఇంటర్‌కో ఇంజనీరింగ్‌కో జరిగింది. ఇది చదువుతున్న వాళ్ళలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, కాలేజీ మొదటి సంవత్సరంలో "త్వరణం" కాస్తా "యాక్సిలరేషన్" అయినప్పుడు నెలల తరబడి నిఘంటువు పట్టుకు తిరిగినవాళ్ళు సగం మంది ఉంటారని నా అంచనా. అయితే ఒక తేడా ఉంది. పదహారేళ్ళకు ఆ మెట్టు ఎక్కటం, పదేళ్ళకు ఎక్కటం ఒకటి కాదు. పదహారేళ్ళవాడికి త్వరణం అంటే ఏమిటో అప్పటికే తెలుసు. కొత్తది పేరు ఒక్కటే. పదేళ్ళవాడికి విషయమూ కొత్తే, పేరూ కొత్తే.

మెట్టుకు నిచ్చెన వేసినవాళ్ళు

ఇప్పుడు కొంచెం మంచి సంగతులు.

1971 నవంబర్ 23న నల్లగొండ జిల్లా (ఇప్పుడు యాదాద్రి భువనగిరి) సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. విద్యాశాఖ మంత్రిగా ఉన్నప్పుడు పి.వి. నరసింహారావు తలపెట్టిన పని అది. మొదలయ్యేనాటికి ఆయనే ముఖ్యమంత్రి. ఆ మరుసటి ఏడాది కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్ళి. పల్లెటూరి పిల్లలు, తెలుగు మీడియం, అక్కడే తిండీ నిద్రా, సాయంత్రం కూడా పక్కన మాస్టారు. సర్వేల్‌లో చదివినవాళ్ళలో తెలంగాణ డీజీపీగా చేసిన ఎం. మహేందర్ రెడ్డి ఒకరు. ఇక్కడ పిల్లల కొరత ఏమిటని గుర్తించారో చూడండి. తెలివి కాదు, భాష కాదు. ఇంటి దగ్గర సాయంత్రం దీపం పెట్టి పక్కన కూర్చునే మనిషి. మా వైపు ఇళ్ళల్లో తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి చేనులోనో గల్ఫ్‌లోనో ఉంటాడు. హోంవర్క్ ఎవరు చూస్తారు? ఆ కొరతకు ఈ బడి సరైన మందు.

తర్వాత 1986 జాతీయ విద్యా విధానంతో పాటు నవోదయ విద్యాలయాలు. మా జిల్లాది నిజాంసాగర్‌లో. (2016లో జిల్లాలు విడదీశాక అది కామారెడ్డికి పోయింది. 2024 డిసెంబర్‌లో కేంద్రం మంజూరు చేసిన కొత్త నవోదయల్లో నిజామాబాద్‌కూ ఒకటి వచ్చింది.) ప్రవేశం ఆరో తరగతిలోనే. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు. నవోదయ అనగానే అందరూ ఎంట్రన్స్ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం దాని డిజైన్‌లో నచ్చేది వేరే. ప్రవేశ పరీక్ష పిల్లవాడు తన భాషలో రాసుకోవచ్చు. చేరాక ఏడు, ఎనిమిది తరగతుల దాకా బోధన ప్రాంతీయ భాషలో నడిపి, ఆ తర్వాత లెక్కలు, సైన్సు ఇంగ్లీషుకు మార్చాలన్నది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. అంటే మెట్టు ఉంది, దాని పక్కన రెండు మూడేళ్ళ పొడవున్న ర్యాంపు కూడా ఉంది! మన భాషలో చెప్పాలంటే పాత సిస్టమ్ ఒక్క రాత్రిలో ఆపేసి కొత్తది ఆన్ చేయలేదు, రెండూ కొంతకాలం పక్కపక్కన నడిపారు. మైగ్రేషన్ చేసినవాడికెవరికైనా దీని విలువ తెలుస్తుంది.

మూడో ఉదాహరణ ఎంవీ ఫౌండేషన్. శాంతా సిన్హా పేరు వినే ఉంటారు, 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో పశువులు కాసే పిల్లల్ని, జీతానికున్న పిల్లల్ని బడికి తెచ్చే పని మొదలుపెట్టారు. పదకొండేళ్ళ పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతోనే పారిపోతుంది. నేరుగా ఆరులో కూర్చోబెడితే అర్థంకాక పారిపోతుంది. అందుకని క్యాంపులు పెట్టి, కొన్ని నెలలు బ్రిడ్జి కోర్సు నడిపి, పిల్లకు ఏం వచ్చో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టి, వయసుకు తగ్గ తరగతికి తెచ్చి చేర్పించారు. తర్వాత 2009 విద్యాహక్కు చట్టంలో కూడా బడి బయట ఉన్న పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని రాశారు. మందబుద్ధి అని ఊరు వదిలేసిన పిల్లలు చదివి చూపించారంటే, లోపం పిల్లల్లో ఉందా, నిచ్చెనలో ఉందా?

నిచ్చెన లేకుండా దూకమన్నవాళ్ళు

ఇక రెండో రకం. గల్ఫ్ డబ్బు రావటం మొదలయ్యాక ఆర్మూరు చుట్టుపక్కల కాన్వెంట్లు పుట్టుకొచ్చాయి. టై, బూటు, పసుపు రంగు బస్సు. 2000లు వచ్చేసరికి కాన్సెప్ట్, టెక్నో, ఒలింపియాడ్, ఐఐటీ ఫౌండేషన్... పేర్లు పెరిగాయి. ఐఐటీ కోచింగ్ అంటే ఇంటర్ పిల్లలకే అనుకునే రోజుల నుంచి ఆరో తరగతికే ఫౌండేషన్ పెట్టే రోజులకు వచ్చాం. దీనికి మనమే ఒక కారణం, అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళం. అమెరికా నుంచి వచ్చి ఊళ్ళో ఇల్లు కట్టిన ప్రతివాడూ ఆ బడులకు ఖర్చులేని హోర్డింగే కదా.

ప్రభుత్వం కూడా వెనకపడలేదు. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం సక్సెస్ స్కూళ్ళ పేరుతో 6,500 హైస్కూళ్ళలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే. డబ్బున్నవాడికి ఇంగ్లీషు, లేనివాడికి తెలుగా అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. నేనూ ఆ ప్రశ్న వైపే నిలబడతాను. కానీ అమలు చూడండి. ఐదు దాకా తెలుగులో చదివిన పిల్లవాడు వేసవి సెలవులు అయ్యాక వచ్చేసరికి సైన్సు, లెక్కలు, సోషల్ అన్నీ ఇంగ్లీషులో. పిల్లలకే కాదు, అదే సబ్జెక్టు ఏళ్ళ తరబడి తెలుగులో చెప్పిన మాస్టార్లకూ కొత్తే. వస్తానియా రోజులకు, దీనికీ తేడా ఏమిటి? ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. మెట్టు మాత్రం అదే ఎత్తు, అదే తరగతి.

తెలంగాణ వచ్చేనాటికి దారులు ఇంకా పెరిగాయి. 2013లో ఆరో తరగతి ప్రవేశంతో మోడల్ స్కూళ్ళు. సాంఘిక సంక్షేమ గురుకులాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మా జిల్లా సిరికొండ మండలం పాకాల పిల్ల. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతోంది, అప్పటికి ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఒక బడి పిల్లలో ఏముందో వెతికితే ఏం జరుగుతుందో చెప్పటానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. 2016లో మైనారిటీ గురుకులాలు, 2017లో బీసీ గురుకులాలు పెద్ద సంఖ్యలో వచ్చాయి.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టారు. ఈసారి ఒక మంచి పని జరిగింది. పుస్తకాలు రెండు భాషల్లో అచ్చేశారు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే పాఠం తెలుగు. చూడటానికి చిన్న విషయం. కానీ వస్తానియా కాలం నుంచి ఇప్పటిదాకా పుస్తకంలోనే నిచ్చెన పెట్టి ఇవ్వటం మా ఊళ్ళు చూడలేదు. దాన్ని మాస్టారు వాడతాడా, అటకెక్కిస్తాడా అన్నది వేరే కథ.

మా అక్క కొడుకు

సరే, చరిత్ర చాలు. పోయిన ఏప్రిల్‌లో మా అక్క ఫోన్ చేసింది. మేనల్లుడు ఐదు పూర్తి చేశాడు, ఊళ్ళో చిన్న ప్రైవేటు బడిలో. "వీడు లెక్కల్ల ఎనకవడ్డడు రా తమ్మీ. ఫౌండేషన్ ఉన్న బల్లె ఏద్దామని మీ బావ అంటుండు. లేకుంటే హైదరాబాద్ల హాస్టల్ల ఏస్తడట." బావ సౌదీలో. ఆ ఏడు పసుపు కాస్త గిట్టుబాటయింది కాబట్టి డబ్బు అడ్డం కాదు.

నేను ఊరు పోయినప్పుడు వాడితో ఒక పూట కూర్చున్నాను. ప్రథమ్ సంస్థ వాళ్ళు 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వే తెలుసు కదా. పిల్లవాడు ఏ తరగతి అని చూడకుండా రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఇస్తారు. పది నిమిషాల పని. అదే చేశాను. తెలుగు కథ గడగడా చదివాడు. తీసివేత, భాగహారం చేశాడు. "క్వింటాలు తొమ్మిది వేలైతే మూడు క్వింటాళ్ళ నలభై కిలోలకు ఎంత రా?" అంటే కాసేపు పైకి చూసి "ముప్పై వేల ఆరు నూర్లు" అన్నాడు. వీడేనా లెక్కల్లో వెనకపడింది!

తర్వాత వాడి బడి పుస్తకమే తీసి ఇంగ్లీషులో ఉన్న లెక్క చదవమన్నాను. అక్షరాలన్నీ చదివాడు. చేయమంటే నా మొహం చూశాడు. "రిమైనింగ్ అంటే ఏంది మామా?"

అయిదేళ్ళు ఇంగ్లీష్ మీడియంలో చదివినవాడు. పేరుకు మీడియం అది. పుస్తకం ఇంగ్లీషు, సారు చెప్పేది తెలుగు, పరీక్షలో రాసేది బట్టీ. కింది తరగతుల్లో బట్టీతో మార్కులొచ్చాయి, ఐదుకొచ్చాక లెక్కలు వాక్యాల్లోకి మారాయి, బండి ఆగింది. మా తాత మాట నాకు ఒక్కసారిగా చెవిలో వినపడింది. తాతకు ఉర్దూ, మనవరాలి కొడుకుకు ఇంగ్లీషు.

అక్కతో ఇదే చెప్పాను. వీడికి కావల్సింది ఐఐటీ లెక్కలు కాదు, ఇంగ్లీషు వాక్యం అర్థం చేసుకోవటం. ఫౌండేషన్ బడిలో వేస్తే రాని భాషలో ఇంకా కష్టమైన లెక్కలు చెప్తారు. మూడు నెలల్లో వాడు తనకు లెక్కలే రావని నమ్మేస్తాడు.

అక్కా నేనూ కలిసి రెండు బడులకు పోయాం. ఇద్దరినీ ఒకటే ప్రశ్న అడిగాం. "వీడికి లెక్క వచ్చు, ఇంగ్లీషులో చదివితే అర్థం కాదు. మీరేం చేస్తారు?" ఆర్మూరులోని ప్రైవేటు బడిలో ఆఫీసులో ఉన్నాయన "మా దగ్గర అంతా ఇంగ్లీష్ వాతావరణం సార్, ఆర్నెల్లలో అదే అలవాటయిపోతుంది" అన్నాడు. ఎలా అవుతుందని మళ్ళీ అడిగితే మైక్రో షెడ్యూల్ చూపించాడు. దగ్గర్లోని జెడ్పీ హైస్కూల్‌లో లెక్కల మేడం రెండు భాషల పుస్తకం తీసి, ముందు తెలుగు పేజీ చదివిస్తానని, అదే లెక్క మర్నాడు ఇంగ్లీషు పేజీ నుంచి చేయిస్తానని చెప్పింది. "కని ఇంటికాడ రోజూ అరగంట ఎవలన్న సదివియ్యాలె, మాతోటి ఒక్కటే కాదు" అని కూడా అంది. ఆ చివరి మాట అక్కకు నచ్చింది. చేతకానిది చేతకాదని చెప్పేవాళ్ళను నమ్మచ్చు కదా.

వాడు ఇప్పుడు ఆ జెడ్పీ హైస్కూల్‌లో ఉన్నాడు. రాత్రి ఎనిమిదిన్నరకు వీడియో కాల్‌లో నాకు ఇంగ్లీషు పేజీ చదివి వినిపిస్తాడు. బావ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఏడుకు మళ్ళ జూద్దాం" అన్నాడు. చూద్దాం. ఏడుకు వాడి అవసరం మారితే బడి మారచ్చు, అందులో తప్పేముంది?

"మేం దూకలేదా?"

నేను ఇలా మాట్లాడితే ఆఫీసులో మిత్రులు ఒకటే అంటారు. "మేం తెలుగు మీడియం నుంచే వచ్చాం, ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డాం, మేం దూకలేదా? పిల్లల్ని నీళ్ళలోకి తోస్తేనే ఈత వస్తుంది."

నిజమే, దూకారు. కానీ ఈ మాట అంటున్నది ఎవరు? ఒడ్డు చేరినవాళ్ళు. మునిగినవాళ్ళు మన క్యాంటీన్‌లో ఉండరు. మా ఏడో తరగతి గదిలో నాతో కూర్చున్నవాళ్ళలో లెక్కల్లో నాకంటే చురుకైనవాళ్ళు ఇద్దరున్నారు. ఒకడు దుబాయ్‌లో డ్రైవర్, ఇంకొకడు యార్డులో తూకం వేస్తాడు. ఆ పనులు తక్కువని కాదు. వాళ్ళను ఎవరూ అడగలేదు, అదే నా బాధ. ప్రొడక్షన్‌లో పాసయిన రిక్వెస్టులు మాత్రమే లెక్కపెట్టి సిస్టమ్ బ్రహ్మాండంగా ఉందంటే మన మేనేజర్ ఊరుకుంటాడా? ఫెయిలయిన లాగ్ చూపించమంటాడు.

ఇంకో మాట. నేను ఇంగ్లీషు వద్దనట్లేదు. ఇంగ్లీషుతోనే తింటున్నాను. పల్లె పిల్లకు కూడా ఆ తిండి దక్కాలి. దక్కాలంటే నిచ్చెన కావాలంటున్నాను, అంతే. అలాగే సర్కారు బడే ఎప్పుడూ మేలని కూడా అనను. వెనకబడని పిల్ల, ఇంగ్లీషు పుస్తకం తనంతట తాను చదివే పిల్ల, రోజంతా బోరుకొట్టి కూర్చుంటే ఆమెకు కష్టమైన లెక్కలిచ్చే బడే కావాలి. అది ప్రైవేటు అయితే ప్రైవేటే. ఇంట్లో సాయంత్రం ఎవరూ లేని పిల్లకు గురుకులం కావాలి. అమ్మను వదిలి ఉండలేక బెంగపడే పిల్లకు అదే గురుకులం శిక్ష. పదకొండేళ్ళకు అందరికీ ఒకటే బడి మంచిదవటం అసాధ్యం.

కాబట్టి ఈ ఏప్రిల్‌లో మీకు కూడా ఊరి నుంచి ఫోనొస్తే, బడి పేరు చెప్పేముందు మూడు పనులు చేయమనండి. పిల్లవాడి చేత తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ చదివించి, చదివింది సొంత మాటల్లో చెప్పించండి. అదే లెక్క నోటితో ఒకసారి, పుస్తకం నుంచి ఒకసారి చేయించండి. రెండింటికీ మధ్య తేడా ఎంత ఉందో అదే మీ రిక్వైర్‌మెంట్. తర్వాత బడికి పోయి ఆ తేడా గురించే అడగండి, ర్యాంకుల గురించి కాదు. ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు, వచ్చిందో లేదో ఎలా చూస్తారు అని. బ్రోచర్ చేతికిస్తే నవ్వి తీసుకుని, ఇంకో బడికి పొండి.

గచ్చిబౌలిలో ఉండి పిల్లలకు ఐబీయా, సీబీఎస్ఈయా అని తల బద్దలు కొట్టుకుంటున్నవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ మెట్టు ఇంకోలా ఉండచ్చు, తెలుగు వైపు ఉండచ్చు, లెక్కల వైపు ఉండచ్చు. కానీ ముందు పిల్లను చూడాలి, తర్వాతే బోర్డు.

చివరగా ఒక విన్నపం. 2008లో సక్సెస్ స్కూళ్ళలో ఆరో తరగతిలో చేరిన మొదటి బ్యాచ్ 2013లో పది రాసింది. వాళ్ళకు ఇప్పుడు దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మనలో, మన టీముల్లో వాళ్ళు కొందరు తప్పకుండా ఉంటారు. ఆ మొదటి ఏడు ఎలా గడిచింది? క్లాసులో మీ పక్కన కూర్చున్నవాళ్ళు ఎంతమంది పది దాకా వచ్చారు? ఎవరు ఎక్కించారు మిమ్మల్ని ఆ మెట్టు? అప్పటి సర్కారు లెక్కల్లో పాస్ శాతాలే దొరుకుతాయి, ఈ సంగతులు దొరకవు. తెలిసినవాళ్ళు రాయండి, మీతో చదివి మధ్యలో ఆగిపోయినవాళ్ళ గురించి కూడా రాయండి.